గోడ మనది, రంగు కూడా మనమే చెప్పాలి



మీ ఇంటి ముందు గోడకి ఇప్పుడు ఏ రంగుంది? ఆ రంగు ఎవరు ఎంచారు? మీ అమ్మా, మీరా, మేస్త్రీయా? లేకపోతే "అందరికీ ఇదే" అని ఎవరో చెప్పీసి వెళ్లిపోయారా?

"పోడు పట్టాలు అందరికీ రాలేదు, రోడ్డు లేని ఊళ్లలో ఇంకా డోలీ మోస్తున్నాం, ఇప్పుడు గోడల గురించి రాయడమేటి?" అని మీలో కొందరు అడుగుతారు. అడగాల్సిందే. అయితే గోడ మీద రంగు చిన్న విషయమని మనం అనుకుంటున్నాం గానీ, పెద్దోళ్లు ఎప్పుడూ అలా అనుకోలేదు. మన రాష్ట్రంలో పంచాయతీ ఆఫీసులకి అప్పటి అధికార పార్టీ రంగులు వేశారు. తీసెయ్యమని 2020లో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అక్కడా చుక్కెదురైంది. ఒక రంగు కోసం అంత దూరం ఎందుకెళ్లారు? గోడ మీద ఎవరి రంగు ఉంటే ఆ ఇల్లు వాళ్లది అన్నట్టు కనిపిస్తాదని వాళ్లకి బాగా తెలుసు కాబట్టి. మనం కూడా తెలుసుకోవాలి. నిజానికి మన తాతమ్మలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో సవరల ఇళ్లు గుర్తు చేసుకోండి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం, కురుపాం అటు వెళ్లాయి. కొత్తూరు, మెళియాపుట్టి, మందస శ్రీకాకుళంలోనే ఉన్నాయి. గీత మారింది గానీ కొండ ఒకటే, అవతల ఒడిశాలో ఉన్న కొండా అదే. ఆ ఇళ్లలో గోడలకి ఎర్రమన్ను అలికేవారు. నానబెట్టిన బియ్యం నూరి, ఆ తెల్లటి పిండినీళ్లతో గోడ మీద బొమ్మలు రాసేవారు. కుంచె అంటే చివర నలిపిన వెదురు పుల్ల. నలుపు కావాలంటే మసి. బజారుకి వెళ్లి కొనాల్సింది ఏదీ లేదు.

ఆ బొమ్మల్ని మన వైపు ఎడిసింగ్ అంటారు. రాయడం, ఇల్లు అనే రెండు సవర మాటలు కలిసిన పేరు. ఆ కొండల్లో తిరిగి 1951లో మధ్య భారత ఆదివాసీ కళ మీద, 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకాలు అచ్చేసిన వెరియర్ ఎల్విన్ ఇత్తాలన్ అని రాశాడు. పేరు ఏదైనా దాని పద్ధతి గమనించండి. ముందు చుట్టూ ఒక గడి గీస్తారు. తర్వాత అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. ఆ గడి ఒక ఇల్లు. ఇంట్లో ఎవరికైనా రోగమొచ్చినా, పంట బాగుండాలన్నా, చనిపోయిన పెద్దల్ని తలుచుకోవాలన్నా, పూజ చేసే మనిషి చెప్పిన ప్రకారం బొమ్మ రాసి, ఆ పెద్దల్ని, ఆ శక్తుల్ని "ఇదిగో మీ ఇల్లు, ఇక్కడ ఉండండి, మా జోలికి రాకండి, మమ్మల్ని చూసుకోండి" అని పిలిచేవారు. అంటే ఇంటి లోపల ఇంకో ఇల్లు. చీకటి గదిలో, ధాన్యం కుండల పక్కన ఉండేది. వచ్చేపోయేవాళ్లకి చూపించడానికి రాసింది కాదు.

అందులో ఏముంటాయో కూడా చూడండి. సూర్యుడు, చంద్రుడు, చెట్టెక్కిన కోతులు, ఏనుగు, గుర్రమెక్కిన మనిషి, వరసగా నిలబడి ఆడుతున్న ఆడోళ్లు, మోత మోస్తున్న మనుషులు. వాటితో పాటు ఎల్విన్ నాటికే విమానాలు, మోటారు కార్లు, సైకిళ్లు, దొరలు కూడా ఆ బొమ్మల్లోకి వచ్చేశాయి. కొండ మీద ఉన్న మనిషి ఆకాశంలో విమానం చూశాడు, గోడ మీద దానికి చోటిచ్చాడు. అధికారం ఉన్నవాడు గుర్రం మీద వస్తే గుర్రం రాశాడు, కారులో వస్తే కారు రాశాడు. "ఆదివాసీ కళ వేల ఏళ్లుగా మారకుండా ఉంది" అని ఎగ్జిబిషన్ బోర్డుల మీద రాసేవాళ్లకి ఈ సంగతి చెప్పండి. మనవాళ్లు మారకుండా ఎప్పుడూ లేరు. కొత్తది ఏది వచ్చినా దాన్ని ఎక్కడ పెట్టాలో వాళ్లే నిర్ణయించుకున్నారు.

ఇప్పుడు ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

2023 నవంబరు 15న కేంద్రం పీఎం జన్‌మన్ పథకం మొదలుపెట్టింది. ప్రత్యేకంగా వెనకబడిన ఆదివాసీ తెగలకి దేశం మొత్తం మీద 4.90 లక్షల పక్కా ఇళ్లు కడతామంది. మన కొండసవరలు కూడా ఆ తెగల జాబితాలో ఉన్నారు. ఇంటికి లెక్క 2.39 లక్షలు. అందులో 2 లక్షలు ఇంటికి, 12 వేలు మరుగుదొడ్డికి, మిగిలింది ఉపాధి హామీ కూలి. అంతకుముందు ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి, తర్వాత కాలనీలు వచ్చాయి. ఇళ్లు రావడం మంచిదే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మట్టి గోడ గొప్పది, పక్కా ఇల్లు మన సంస్కృతిని చంపేస్తోంది అని పట్నంలో ఏసీ గదిలో కూర్చుని బాధపడేవాళ్ల మాట మనం నమ్మక్కర్లేదు. వానాకాలం కారే కప్పు కింద పసిబిడ్డని పడుకోబెట్టుకున్నోళ్లకి, ఏటేటా తడిసి కూలిన గోడని మళ్లీ పెట్టుకున్నోళ్లకి తెలుస్తాది పక్కా ఇల్లు అంటే ఏటో. మనకి పక్కా ఇల్లు కావాలి. అది మన హక్కు.

కానీ పక్కా ఇల్లంటే ఒకే నమూనా, ఒకే రంగు అని ఎవరన్నారు? మన పాత ఇంటికి ముందు ఎత్తుగా అరుగు ఉండేది. సాయంత్రం ముసలోళ్లు కూర్చోవాలన్నా, అడ్డాకులు కుట్టాలన్నా, చుట్టం వస్తే పడుకోబెట్టాలన్నా అదే. ధాన్యానికి అటక ఉండేది. ఇళ్లు వరసగా ఒకదానికొకటి ఆనుకుని, ఎదురెదురుగా ఉండేవి. కాలనీ ఇంట్లో అరుగు చాలా చోట్ల రెండు మెట్లుగా మిగిలింది. అటక లేదు. బొమ్మ రాసుకునే లోపలి గోడకి కిటికీ వచ్చింది. గోడ మీద కచ్చితంగా ఉండాలని రూలున్నది మాత్రం పథకం లోగో, లబ్ధిదారు పేరు. ఇంటికి సంబంధించిన ఒకే ఒక్క బొమ్మ, అది కూడా మనం రాసింది కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. గ్రామీణ ఆవాస్ యోజన నిబంధనల్లో ఇల్లు లబ్ధిదారే కట్టుకోవాలని, కాంట్రాక్టరుని పెట్టకూడదని ఉంది. కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు ఉండాలని ఉంది. గోడకి ఈ రంగే వెయ్యాలని అందులో లేదు. మరి ఎవరైనా "రంగు మారిస్తే బిల్లు ఆగిపోతాది" అంటే, ఆ మాట కాయితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వరు.

ఇక నాణేనికి రెండో వైపు. మన గోడల మీద నుంచి చెరిగిపోతున్న ఆ మనుషులు, ఆ ఏనుగులు, ఆ చెట్లు ఎక్కడికెళ్లాయి? పట్నాల్లో ఆఫీసుల గోడల మీదకి, రిసార్టుల్లోకి, చీరల మీదకి, కాఫీ కప్పుల మీదకి వెళ్లాయి. చాలా చోట్ల సవర బొమ్మకీ, మహారాష్ట్ర వార్లీ బొమ్మకీ తేడా తెలియకుండానే కలిపేసి వేస్తున్నారు. మన కళ పది మందికి చేరితే సంతోషమే. మన పిల్లలు బొమ్మలేసి నాలుగు డబ్బులు సంపాదిస్తే ఇంకా సంతోషం. కానీ రాసినవాళ్ల పేరు ఎక్కడ? ఊరి పేరు ఎక్కడ? ఎవర్ని అడిగి తీసుకున్నారు?

ఆస్ట్రేలియాలో ఇలాంటిదే జరిగింది. అక్కడి ఆదివాసీ చిత్రకారుల బొమ్మలు, వాళ్లకి పవిత్రమైనవి, అడక్కుండా తివాచీల మీద నేయించి అమ్మారు. పెద్దల కథలున్న బొమ్మని జనం కాళ్ల కింద వేసి తొక్కుతున్నారు. చిత్రకారులు కేసు వేశారు. 1994లో ఆ దేశ ఫెడరల్ కోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. 1,88,000 డాలర్లకి పైగా నష్టపరిహారం ఇమ్మంది. డబ్బు నష్టమే కాదు, తమ వాళ్ల ముందు ఆ చిత్రకారులకి కలిగిన అవమానాన్ని, సాంస్కృతిక నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. మన పెద్దల కోసం రాసిన గడిని రేపు ఎవరో కాళ్లు తుడుచుకునే పట్టా మీద అచ్చేస్తే మనం ఏం చేస్తాం? ఇప్పుడే ఆలోచించుకోవాలి.

చట్టంలో మనకి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. 1957 కాపీరైట్ చట్టం పాత సంప్రదాయ నమూనాల్ని కాపాడదు. అయితే మీరు రాసిన మీ బొమ్మకి హక్కు మీదే. ఆ చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం బొమ్మ అమ్మేసినా, హక్కులు రాసిచ్చేసినా, "ఇది నేను రాశాను" అని చెప్పుకునే హక్కు పోదు. పరువు పోయేలా దాన్ని మార్చేస్తే అడ్డుకునే హక్కు కూడా పోదు. అందుకే ఏ ఆఫీసు గోడ మీద రాసినా, ఎంత చిన్న పని అయినా, కింద మీ పేరు, మీ ఊరి పేరు రాయండి. "వద్దు, అందం పోతుంది" అంటే ఒప్పుకోకండి. అలాగే అవతల ఒడిశాలో లాంజియా సవర చిత్రాలకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ ట్యాగ్ ఎవరో ఆఫీసరు ఇంట్లో కూర్చుంటే వచ్చేది కాదు, తయారుచేసేవాళ్ల సంఘం తరఫున అడగాలి. తర్వాత ఒక్కొక్క చిత్రకారుడు, చిత్రకారిణి అధీకృత వాడకందారుగా పేరు నమోదు చేసుకోవాలి. ఈ కొండకి ఇవతల ఉన్న మనం సంఘంగా కూర్చుని ఈ సంగతి మాట్లాడుకున్నామా?

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా వినాల్సిన మాట. "మన కళని కాపాడుకుందాం" అని ఉత్సాహంగా పూజ గోడ మీద బొమ్మని ఫోనులో ఫొటో తీసి, అలాగే దించి, హాల్లో టీవీ వెనకాల రాసుకోవడం నాకు సరిగ్గా అనిపించదు. ఆ బొమ్మ పిలిచి కూర్చోబెట్టిన వాళ్ల కోసం. దాన్ని ఎప్పుడు రాయాలి, ఎవరు రాయాలి, ఎప్పుడు చెరపాలి అన్నదానికి పద్ధతి ఉంది. అది ఆ ఇంటివాళ్లది, ఆ ఊరి పూజ చేసే పెద్దలది. వాళ్లు నేర్పితే నేర్చుకోండి. వద్దంటే ఒగ్గీండి. ఇంకో వైపు, చాలా సవర కుటుంబాలు క్రైస్తవం తీసుకున్నాయి, పూజ బొమ్మలు మానేశాయి. అది వాళ్ల నిర్ణయం. బొమ్మ మానేశారు కాబట్టి ఆదివాసీలు కారు అనే మాట ఎవరు అన్నా, ఎన్నికల కోసమే అంటున్నారని తెలుసుకోండి. మన మధ్య గోడలు కట్టడానికి గోడ బొమ్మల్ని వాడనివ్వకూడదు.

అందుకే నేను చెప్పేది ఇదీ. లోపలి గోడ దేవుడిది, పెద్దలది. దాన్ని గౌరవిద్దాం. బయట గోడ మనది. దాని మీద పూజ లేదు, మనం ఉన్నాం. జాతాపు అయినా, గదబ అయినా, సవర అయినా, చర్చికెళ్లినా, జాకర పండగ చేసినా, బయట గోడ మీద అందరికీ చోటుంది.

దక్షిణాఫ్రికాలో అన్‌డెబెలె అనే జాతి ఉంది. 1883లో యుద్ధంలో ఓడిపోయాక వాళ్ల భూములు లాక్కున్నారు, జనాన్ని చెదరగొట్టి తెల్లవాళ్ల పొలాల్లో బలవంతంగా పనికి పెట్టారు. భూమి లేదు, రాజ్యం లేదు. ఆ తర్వాత ఆ ఆడోళ్లు తమ ఇళ్ల బయట గోడల మీద పెద్ద పెద్ద రంగుల గీతలు, గళ్లు రాయడం పెంచారు. "మేం ఎక్కడికీ పోలేదు, మేం అన్‌డెబెలెలమే" అని దారిన పోయేవాళ్లకి గోడలే చెప్పాయి. మొదట మట్టి రంగులు, తర్వాత దుకాణంలో దొరికిన రంగులు. వాళ్లలో ఎస్తర్ మహ్లాంగు అనే ఆమె అమ్మ, అమ్మమ్మల దగ్గర పదేళ్ల వయసులో నేర్చుకుంది. 1991లో బీఎండబ్ల్యూ కారు మీద ఆ గీతలే రాసింది. కారు మీదకి వెళ్లినా, మ్యూజియంకి వెళ్లినా ఆమె పేరు, ఆమె జాతి పేరు బొమ్మతో పాటే వెళ్లాయి. మనకి లేనిది అదే.

మరి మన బయట గోడ మీద ఏం రాయాలి? మన పెద్దోళ్లు విమానం రాసినట్టు, మనం చూస్తున్నది రాయాలి. డోలీలో గర్భిణిని మోసుకెళ్తున్న నలుగురు మనుషులు. సిగ్నల్ కోసం చెట్టెక్కిన కుర్రాడు. ఆశ్రమ పాఠశాలకి పెట్టె మోసుకెళ్తున్న పిల్ల. జీడిమామిడి తోట, చింతపండు మూటలు, సంత, తూకం వేసే మనిషి, చెన్నైకో హైదరాబాదుకో పనికెళ్లే బస్సు. పొలంలోకి వచ్చిన ఏనుగులు. ఏనుగుల్ని మన పెద్దోళ్లూ రాశారు, ఇప్పుడు నిజంగానే మన ఊళ్లలో తిరుగుతున్నాయి. ఇవన్నీ ఏ ఆఫీసు గోడ మీదా కనిపించవు. అక్కడ ఎప్పుడూ మనం డ్యాన్సే చేస్తుంటాం.

పని ఎలా చెయ్యాలో కూడా చెప్పుకుందాం. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ అయితే పూర్తిగా ఆరేదాకా ఆగండి, తొందరపడితే రంగు పొడిచిపోతాది. ఎర్రమన్ను వాడాలనుంటే మెత్తగా జల్లించి, తుమ్మ జిగురో వేప జిగురో నానబెట్టిన నీళ్లు కలపండి. నున్నటి సిమెంటు మీద ఒట్టి మన్ను నిలబడదు. నూనె రంగు వేసిన గోడ మీద అసలు అంటదు. మన్ను దొరకని చోట ఎర్ర ఆక్సైడ్ పొడి చౌకగా దొరుకుతాది. బియ్యప్పిండి లోపలికి బాగుంటాది గానీ వాన జల్లు కొట్టే గోడకి సున్నంలో జిగురు కలిపి రాయడం మేలు. కుంచెకి వెదురు పుల్లే వాడి చూడండి, గీత సన్నగా, మనిషి గీసినట్టు వస్తాది. ముందు గడి గీసుకోండి, అంచు నుంచి లోపలికి రండి. తలుపు పైన ఇంటి పేరు మీ భాషలో రాయండి. సవర భాషకి 1936లో మంగెయ్ గొమాంగో తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ఉంది. అది రాకపోతే తెలుగు అక్షరాల్లోనే సవర మాట రాయండి. అక్షరం కన్నా మాట ముఖ్యం.

ఒక్కరే రాసుకోకండి. ఊళ్లో బొమ్మ రాయడం తెలిసిన ముసలాయన ఉంటే, గోడలు అలకడంలో చెయ్యి తిరిగిన అమ్మ ఉంటే, వాళ్లని పిలిచి కూలి ఇచ్చి మరీ నేర్చుకోండి. ఊరికే నేర్పమనడం కూడా ఒక రకం దోపిడీయే. అది మనోళ్లు మనోళ్లకి చేసినా దోపిడీయే.

చివరగా, సంఘంగా మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు ఇళ్ల నమూనా గ్రామసభ ముందు పెట్టాలి. అరుగు, ధాన్యానికి చోటు ఉన్న నమూనా కూడా అందులో ఉండాలి. ప్రభుత్వ భవనాల మీద ఆదివాసీ బొమ్మలు వేయిస్తే, వేసినవాళ్ల పేరు, ఊరు రాయాలి, సరైన కూలి ఇవ్వాలి, ఆ పని స్థానిక చిత్రకారులకే ఇవ్వాలి. పూజ బొమ్మల్ని ఆ ఊరి అనుమతి లేకుండా ఫొటో తీసి వాడకూడదు. ఇవి దయతో ఇచ్చేవి కావు. 1996 పీసా చట్టంలో 4(డి) ప్రకారం సంప్రదాయాల్ని, సాంస్కృతిక గుర్తింపుని కాపాడుకునే అధికారం గ్రామసభదే. మరి షెడ్యూల్‌లో చేర్చని మన ఆదివాసీ ఊళ్ల సంగతేటి అని మీరు అడుగుతారు. అదే అసలు పోరాటం. శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటి ఊళ్లు ఎన్నో ఉన్నాయి. షెడ్యూల్‌లో చేర్చండి అని అడిగేటప్పుడు మన భూమి, మన అడవితో పాటు మన గోడని కూడా ఆ అర్జీలో రాయండి.

ఈ వానలు తగ్గాక, గోడలు ఆరాక, మీ ఊళ్లో నాలుగు ఇళ్లతో మొదలుపెట్టండి. బొమ్మ కింద పేరు, ఊరు, ఏడు రాయండి. ఆ తర్వాత ఫొటో తీసి పంపండి, ఈ పేజీలో పేర్లతో సహా పెడదాం.

జోహార్!